ఫిడేలు నాయుడుగారు - శ్రీ ద్వారం వేంకటస్వామి నాయుడుగారి జీవితము

కందిమల్లాయపల్లెయని పూర్వము పేరుగాంచిన మన బ్రహ్మంగారిమఠమున సంగీతమనగా ముందుగా చెవికి వినవచ్చునది తంబుర నాదము. వైశాఖ మాసపు ఆరాధనోత్సవములలో తంబుర మీటుచు, చిరుతలు తట్టుచు తత్త్వములు పాడు భక్తులకు స్వరజ్ఞానము పుస్తకములలో లభించినది కాదు. అది విని విని అబ్బినది. చదువు రాని వాడైనను, చూపు లేని వాడైనను, చెవి గల వాడు ఆ గోష్ఠిలో కూర్చుండ నర్హుడే. కన్నులు చేయలేని పనిని చెవులు చేయగలవను సత్యమునకు మన తెలుగుదేశమున గొప్ప నిదర్శనముగా నిలిచినవారు శ్రీ ద్వారం వేంకటస్వామి నాయుడుగారు. చిన్ననాటనే చూపు మందగించి బడి చదువునకు దూరమైన బాలుడొకడు ఒక సంగీత కళాశాలకు అధ్యక్షుడై, పరదేశ వాద్యమును పట్టి స్వదేశ సంగీతమునకు వన్నె తెచ్చిన వృత్తాంతము ప్రతి గ్రామ గ్రంథాలయమునను పెద్దలు పిల్లలకు చెప్పదగినది.

వాద్యము వచ్చిన దారి

నాయుడుగారి జీవితమును గ్రహించుటకు ముందు, వారు చేపట్టిన వాద్యమును గూర్చి కొంత తెలిసికొనుట అవసరము. పాశ్చాత్య దేశములలో కచేరీ వేదికపై ఒంటరిగా కూర్చుండి సభను రంజింపజేయు వాద్యములలో పియానో, వయొలిన్ అను రెండును ముఖ్యమైనవి. ఆంగ్లేయులతోబాటు రెండును మన దేశమునకు వచ్చినవి. అయినను పియానో దొరల బంగళాలలోను, జమీందారుల దివాణములలోను అలంకారముగా నిలిచిపోయినది. వయొలిన్ మాత్రము ఫిడేలు అను పేర తెలుగు, తమిళ, కన్నడ దేశముల సభలన్నిటను ప్రవేశించి, అది పరదేశముదన్న మాటనే జనులు మరచునట్లు చేసినది.

దీనికి కారణము సులభముగా తెలియును. పియానోకు మీటలు కలవు. ఒక్కొక్క మీటకు ఒక్కొక్క స్వరము. ఒక స్వరము నుండి మరియొక స్వరమునకు జారుటకు అందు దారి లేదు. భజనలకును, నాటకములకును మన పల్లెలలో వాడు హార్మోనియమునకును ఇదియే లోపము. కర్ణాటక సంగీతమునకు ప్రాణము గమకము. స్వరమును ఊపవలెను, జార్చవలెను, ఒక స్వరము నీడను మరియొక స్వరముపై పడనీయవలెను. మెట్టు మెట్టుగా తెగిన వాద్యమున ఈ పని సాధ్యము కాదు. ఈ కారణముననే ఆకాశవాణివారు 1940 నుండి ముప్పది యేండ్లు హార్మోనియమును తమ కేంద్రములలో నిషేధించిరి. ఫిడేలునకన్ననో మెట్లు లేవు. వీణకున్నవి, దీనికి లేవు. నల్లని పలకపై తీగ వెంబడి వ్రేలు ఎంత దూరమైనను జారవచ్చును. మానవ కంఠము పాడు ప్రతి సంగతిని అది పలుకగలదు.

అట్టి వాద్యమును కర్ణాటక సంగీతమునకు మొదట మలచినవారు ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ములు బాలుస్వామి దీక్షితులు. వీరు 1786 నుండి 1858 వరకు జీవించిరి. మదరాసున ఆంగ్లేయుల బృందవాద్యమును విని, ఆ విద్య నభ్యసించి, దానిని మన రాగములకు అనుకూలింపజేసిరి. తంజావూరు సోదరులలో నొకరైన వడివేలు తిరువాంకూరు ఆస్థానమున దానిని వాయించి ప్రచారమునకు తెచ్చిరి. పాశ్చాత్యులు నిలుచుండి గడ్డము క్రింద ఇముడ్చుకొను ఫిడేలును మనవారు నేలపై కూర్చుండి, దాని తలను కుడి పాదముపై ఆనించి, రెండవ కొనను రొమ్మునకు చేర్చి వాయింప మొదలిడిరి. చేయి స్వేచ్ఛగా జారుటకు ఈ కూర్చుండు తీరే తోడ్పడినది. తీగల శ్రుతిని సైతము షడ్జ పంచమ షడ్జ పంచమములుగా మార్చిరి. అయినను నూరేండ్లు గడచునప్పటికి ఫిడేలు గాయకుని ప్రక్కన కూర్చుండు ప్రక్కవాద్యముగానే స్థిరపడినది. ఆ స్థితిలో దానిని చేపట్టినవారు మన నాయుడుగారు.

జననము, బాల్యము

వేంకటస్వామి నాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, దీపావళి పర్వదినమున, బెంగుళూరు నగరమున జన్మించిరి. తండ్రి వేంకటరాయుడుగారు సైన్యమున ఉద్యోగి. ఉద్యోగరీత్యా కుటుంబము బెంగుళూరున నున్నను, బాలుడు పెరిగినది విశాఖపట్టణమున. దీపములు వెలుగు దినమున పుట్టిన శిశువునకు కంటి వెలుగు మాత్రము తక్కువాయెను.

ఆ దినములలో మధ్యతరగతి కుటుంబములకు ఒకే మార్గము గోచరించుచుండెను. కుమారుడు ఇంగ్లీషు చదువు చదువవలెను, పరీక్షలో కృతార్థుడు కావలెను, సర్కారు కొలువులో చేరవలెను. వేంకటస్వామియు బడికి పంపబడెను. అయితే నల్లబల్లపై వ్రాసినది కనబడని బాలునకు బడి ఏమి నేర్పగలదు? నేడు కంటి వైద్యులు, కండ్లద్దాలు, అంధుల లిపి, చదివి వినిపించు యంత్రములు కలవు. నాడవి సామాన్యులకు అందుబాటులో లేవు. దృష్టి మాంద్యమువలన ఆ బాలుని చదువు నిలిచిపోయినది. ఇంటివారికి ఇది గొప్ప దిగులు కలిగించిన విషయమే. చదువు లేదు, చూపు లేదు, ఇక బ్రదుకు తెరువు ఏమి?

ఈ ప్రశ్నకు జవాబు ఇంటిలోనే లభించెను. అన్నగారు వేంకటకృష్ణయ్యగారు ఫిడేలు విద్య నెరిగినవారు. తమ్ముని చేతికి వాద్యము నిచ్చి, తామే మొదటి గురువులైరి. అన్నకు తమ్ముడు శిష్యుడైనప్పుడు చనువుతోబాటు కఠినత్వముకూడ నుండును. సరళీ స్వరముల నుండి కీర్తనల వరకు పాఠము ఇంటనే సాగినది. బడిలో నల్లబల్ల కనబడక వెనుకబడిన బాలుడు ఇచ్చట వెనుకబడవలసిన పని లేకపోయెను. పైని చెప్పినట్లు ఫిడేలు పలకపై మెట్లు లేవు. ఇది షడ్జము, ఇది రిషభము అని చూపు గుర్తేదియు లేదు. చూపున్నవాడును అచ్చట కన్ను మూసికొని చెవితోనే స్థానమును వెదకికొనవలెను. వ్రేలు గింజంత జరిగినను స్వరము చెడును. ఇట్టి వాద్యమునకు చూపు ముఖ్యము కాదు, శ్రుతి జ్ఞానము ముఖ్యము. లోకము దేనిని కొరతగా నెంచెనో అది ఈ విద్యలో కొరత కాలేదు. కంటిచే చెదరిపోవు మనస్సు చెవియందే నిలుచుటవలన ఏకాగ్రతయే హెచ్చినదని చెప్పవచ్చును.

ఆ సాధన ఒకటి రెండేండ్లది కాదు. బాల్యము నుండి యౌవనము దాటువరకు నాయుడుగారు వాద్యమును విడువలేదు. ఎడమ చేతి వ్రేళ్ల పనిని మాత్రమేగాక, కుడి చేతి కమాను పనిని సైతము వారు సమానముగా సాధించిరి. మనవారిలో అనేకులు వ్రేళ్లపై చూపిన శ్రద్ధ కమానుపై చూపకుండిరి. గుఱ్ఱపు వెండ్రుకలతో కట్టిన ఆ కమానును ఎంత బరువుతో, ఎంత వేగముతో, ఎంత దూరము లాగవలెనో పాశ్చాత్యులు శాస్త్రముగా నేర్పుదురు. నాయుడుగారు పాశ్చాత్య సంగీతమును గౌరవముతో విని, అందలి కమాను మెలకువలను గ్రహించి, మన గమకములకు భంగము రాకుండ వానిని వాడుకొనిరి. పరుల మంచిని తీసికొని తన సొత్తును పోగొట్టుకొనకుండుట అందరికి చేతనైన పని కాదు.

విజయనగరము

ఉత్తరాంధ్రమున విజయనగరము విద్యలకు పుట్టినిల్లు. పూసపాటి ప్రభువుల ఆదరణలో కవులు, గాయకులు, వైణికులు, మల్లులు ఆ పురమున నివసించిరి. 1919వ సంవత్సరమున మహారాజా విజయరామ గజపతిరాజుగారు అచ్చట సంగీత కళాశాలను స్థాపించిరి. సంస్థానమున ఉద్యోగియైన ఒకరి కుమారుడు అంధుడై యుండియు సంగీతమునందు మిక్కిలి ఆసక్తి చూపుచుండగా, అట్టివారికి విద్య చెప్పించు చోటొకటి ఉండవలెనని ప్రభువు తలంచుటయే కళాశాల పుట్టుకకు మూలమని ఆ ప్రాంతమున చెప్పుకొందురు. హరికథా పితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. సంస్కృతాంధ్రములలో పండితులు, కాలికి గజ్జె కట్టి, చేత చిరుతలు పట్టి, ఐదు తాళములను ఒక్కమారు నడపగల మేటి వారు.

ఆ కళాశాల తెరచిన వార్త విని నాయుడుగారు విజయనగరమునకు వెళ్లిరి. అన్నగారి వద్ద నేర్చినదానికి శాస్త్ర పరిచయము తోడగునని, విద్యార్థిగా చేరవలెననియే వెళ్లిరని ప్రతీతి. పరీక్షింపదలచి వాయింపుమనగా వారు వాయించిరి. విన్నవారు వీరికి నేర్పవలసినదేమియు లేదని, వీరిచేతనే ఇతరులకు నేర్పింపవలెనని నిశ్చయించిరట. ఏమైనను, ఆ 1919వ సంవత్సరముననే, 26వ ఏట, నాయుడుగారు ఆ కళాశాలలో ఫిడేలు ఆచార్యులుగా నియమింపబడిరి. విద్యార్థిగా చేరబోయి ఆచార్యుడై వెలుపలికి వచ్చుట మన దేశ సంగీత చరిత్రలో అరుదైన సంగతి. చూపు తక్కువయని బడి వెలుపల నిలిచిపోయిన బాలునకు మరియొక బడి ఆచార్య పీఠము వేసి కూర్చుండబెట్టినది.

పదునేడేండ్లు అచ్చట ఆచార్యత్వము నెరపి, 1936వ సంవత్సరమున నారాయణదాసుగారి తరువాత నాయుడుగారు కళాశాల అధ్యక్షులైరి. దాసుగారి వంటి మహామహుని స్థానమున కూర్చుండుట కత్తిమీద సాము. దాసుగారు మాటతో, పాటతో, ఆటతో సభను ఏలినవారు. నాయుడుగారు మితభాషులు, వాద్యమే వారి మాట. అయినను కళాశాల కీర్తి తగ్గలేదు. వారి కాలమున ఆ ఆవరణము ఒక వంక గురుకులముగాను, మరియొక వంక నియమబద్ధమైన పాఠశాలగాను నడచెను. కృష్ణా మండలము వంటి దూర ప్రాంతముల నుండియు పేద బాలురు చేతిలో కాసు లేక, సంగీతముపై ఆశ యొక్కటే పెట్టుబడిగా ఆ ఊరు చేరుచుండిరి. ఇల్లిల్లు తిరిగి మధూకరమెత్తి తిని చదివినవారును కలరు. తరువాతి కాలమున ఆంధ్రదేశమంతయు చెవియొగ్గి విన్న ఘంటసాల వేంకటేశ్వరరావుగారు అట్లు మధూకరమెత్తి ఆ కళాశాలలో విద్య ముగించినవారే. గాయని సుశీలగారును ఆ కళాశాల విద్యార్థినియే.

మదరాసు సభలు

అప్పటికి దక్షిణ దేశపు సంగీతమునకు మదరాసు రాజధానియైనది. 1927వ సంవత్సరమున మదరాసున జరిగిన కాంగ్రెసు మహాసభతోబాటు సంగీత మహాసభయు జరిగి, దాని ఫలితముగా 1928లో మ్యూజిక్ అకాడమీ ఏర్పడెను. ఆ వేదికలపై తంజావూరు ప్రాంతపు విద్వాంసులకే అగ్రస్థానము. తెలుగుదేశము నుండి, అందును కావేరికి బహుదూరమున నున్న విజయనగరము నుండి వచ్చిన వాద్యకారునకు అచ్చట చోటు దొరకుట సులభము కాదు. పాడబడు కీర్తనలలో ఎక్కువ భాగము త్యాగరాజస్వామివారి తెలుగు కీర్తనలే యైనను, తెలుగు విద్వాంసుడు ఆ సభలలో అతిథివలె నుండెను. ఇట్టి చోట నాయుడుగారు వాదములతో గాక వాద్యముతో స్థానము సంపాదించిరి. ఆనాటి అగ్రగాయకుల ప్రక్కన కూర్చుండి వాయించిరి. మైసూరు చౌడయ్యగారు, కుంభకోణము రాజమాణిక్యం పిళ్లగారు, మన నాయుడుగారు ఆ తరమున ఫిడేలునకు త్రిమూర్తులని రసికులు కొనియాడిరి.

ప్రక్కవాద్యము వాయించుట ఎట్టి పని? గాయకుడు ఆలాపన చేయును. తరువాతి క్షణమున అతడు ఎటు పోవునో అతనికే తెలియదు. ప్రక్కవాద్యకారుడు నీడవలె అతని వెంట పోవలెను. గాయకుడు ఆగినప్పుడు రాగమును తాను అందుకొని నడపవలెను. అయితే గాయకుని మించితినను గర్వము కనబడరాదు, తగ్గితినను దైన్యమును కనబడరాదు. స్వరకల్పనయందు గాయకుడు వేసిన లెక్కను అప్పటికప్పుడు విప్పి తిరిగి చెప్పవలెను. మిగిలినవారు గాయకుని పెదవుల కదలికను, చేతి తాళమును చూచి ముందుగా కొంత ఊహింపగలరు. నాయుడుగారికి ఆ సహాయమును అంతంతమాత్రమే. వినుటయే వారికి ఆధారము. వినుటయందు వారు చూపిన శ్రద్ధయే ఇతరులు వారి యందు మొదట గుర్తించిన గుణము.

ఆ దినములలో సభలకు ధ్వనివర్ధక యంత్రములు కొత్త. పెద్ద సభలో చివర కూర్చున్నవానికి ఫిడేలు నాదము వినబడుట కష్టము. ఈ చిక్కును తీర్చుటకు చౌడయ్యగారు నాలుగు తీగలకు మరి మూడు చేర్చి ఏడు తీగల ఫిడేలును చేయించిరి. నాయుడుగారు నాలుగు తీగలనే యుంచి, కమానులో బలము పెంచిరి. ఒకే కమానును నిడుపుగా లాగి, నాదము తెగకుండ, బిగువు సడలకుండ వారు పలికించు షడ్జము సభ చివర వరకు నిండెడిది. ఇద్దరి మార్గములును గొప్పవే. ఒకరు వాద్యమును మార్చిరి, ఒకరు చేతిని మార్చుకొనిరి.

ప్రక్కవాద్యమునకు ప్రధాన పీఠము

నాయుడుగారి జీవితమున ముఖ్యమైన మలుపు 1938వ సంవత్సరమున వచ్చెను. ఆ యేట వేలూరులో వారు మొదటిసారిగా గాయకుడు లేకుండ, ఫిడేలే ప్రధానముగా కచేరీ చేసిరి. నేడు ఇది వింతగా తోపదు. ఫిడేలు కచేరీలు నేడు ప్రతి సభలోను జరుగుచున్నవి. నాడన్ననో, ప్రక్కన కూర్చుండవలసిన వాద్యము నడుమ కూర్చుండుట సాహసమే. సాహిత్యము లేక సభ రెండు మూడు గంటలు కూర్చుండునా? వాద్యము కీర్తనను వాయించిన, ఆ మాటలు శ్రోతకు తోచునా? నాయుడుగారు ఈ శంకలను తమ వాద్యముతోనే తీర్చిరి. కీర్తనను వాయించునప్పుడు సాహిత్యమున ఏ అక్షరము నొక్కవలెనో అచ్చట కమాను మార్చి, ఏ మాట సాగవలెనో అచ్చట కమాను ఆపక సాగించి, తెలిసినవానికి మాటలు వినబడునట్లు వాయించెడివారు. ఫిడేలు పాడినదని జనులనుకొనుట ఈ నేర్పువలననే. ఆ నాటి నుండి ఫిడేలునకు రెండు జీవితములు ఏర్పడినవి. గాయకుని ప్రక్కన అది విధేయమైన తోడు. ఒంటరిగా కూర్చున్ననాడు అదియే ప్రభువు.

ఆకాశవాణి వచ్చి ఈ మార్పునకు తోడ్పడెను. మదరాసు కేంద్రము 1938 లోను, విజయవాడ కేంద్రము 1948 లోను ప్రారంభమైనవి. మన కడప కేంద్రము 1963లో వచ్చినది. గ్రామఫోను పలకలును, రేడియో పెట్టెయు కచేరీని ఊరూరికి తెచ్చినవి. సభకు పోవుటకు పైకము లేనివాడును, టిక్కెట్టు కొనలేనివాడును, పంచాయతీ రేడియో ముందు కూర్చుండి సంగీతము వినగలిగెను. రేడియోలో గాయకుని ముఖము కనబడదు, వాద్యకారుని చేయి కనబడదు. అందరును చెవితోనే వినవలెను. నాయుడుగారు జన్మమంతయు సంగీతమును విన్న తీరుననే అప్పుడు లోకమంతయు వినజొచ్చినది. తెలుగుదేశమున ఫిడేలు నాయుడుగారు అన్న మాత్రముననే ఇంటిపేరు చెప్పనవసరము లేకుండ అందరు గుర్తించునంతటి ఖ్యాతి వారికి కలిగెను.

గౌరవములు

1941వ సంవత్సరమున మదరాసు మ్యూజిక్ అకాడమీ సభలకు నాయుడుగారు అధ్యక్షులైరి. ఆ పీఠమునకు చెందిన సంగీత కళానిధి బిరుదము వారికి లభించినది. దక్షిణ దేశ విద్వాంసునకు దానిని మించిన గౌరవము లేదు. ప్రక్కవాద్యకారునిగా ఆ నగరమునకు వచ్చినవారు, గాయక సార్వభౌములు కూర్చున్న పీఠముపై కూర్చుండిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1950లో కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. బడి చదువు పూర్తి చేయలేని వ్యక్తికి విశ్వవిద్యాలయమే ఎదురు వచ్చి పట్టమిచ్చుట గమనింపదగినది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1957లో భారత ప్రభుత్వమువారి పద్మశ్రీయును లభించినవి.

1952వ సంవత్సరమున మరియొక విశేషము జరిగెను. పాశ్చాత్య ప్రపంచమున ఫిడేలు వాద్యమునకు మకుటాయమానుడై, బాలుడుగా నున్నప్పుడే కీర్తి గడించిన యెహూది మెనూహిన్ గారు ఆ యేట భారతదేశమునకు వచ్చి, కచేరీలు చేసి, వచ్చిన ధనమును క్షామ నివారణమునకై ఇచ్చిరి. మదరాసున ఉన్నత న్యాయస్థానపు ప్రధాన న్యాయమూర్తియు, తెలుగువారును, కళాభిమానులును అగు పి. వి. రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాద్యమును ఆయన వినిరి. ఒకరిది నిలుచుండి వాయించు సంప్రదాయము, మరియొకరిది కూర్చుండి వాయించు సంప్రదాయము. ఒకరి శ్రుతి వేరు, ఒకరి శ్రుతి వేరు. ఒకరు వ్రాసిన స్వరమును తప్పకుండ వాయించువారు, మరియొకరు అప్పటికప్పుడు రాగమును అల్లువారు. అయినను ఆ నాలుగు తీగల కొయ్య పెట్టె ఇరువురకును ఒక్కటే. తమ దేశపు వాద్యము వేరొక దేశమున వేరొక ప్రాణము పోసికొని పలుకుట విని మెనూహిన్ గారు ఆనందించి, నాయుడుగారిని మనసార ప్రశంసించిరి. నూటయేబదియేండ్ల క్రితము బాలుస్వామి దీక్షితులు దొరల వద్ద అరువు తెచ్చిన వాద్యమునకు ఆ దినమున వడ్డీతో సహా బదులు తీరినదని తెలుగువారు గర్వింపవచ్చును.

అదే సంవత్సరమున నాయుడుగారు డిల్లీలో అంధుల సహాయనిధికై కచేరీ చేసిరి. బిరుదములన్నిటికన్న ఈ చిన్న విషయము వారి హృదయమును ఎక్కువగా తెలుపును. చూపు తక్కువై బడి విడిచిన నాటి దిగులు ఎట్టిదో ఎరిగినవారు కనుకనే, తమ విద్యతో సంపాదించిన పేరును అట్టివారి కొరకు వినియోగించిరి.

నిర్యాణము, పరంపర

1964వ సంవత్సరము నవంబరు 25వ తేదీన, డెబ్బదియొక్క యేండ్ల వయస్సున, నాయుడుగారు పరమపదించిరి. ఆ యేబది యేండ్ల సాధన వారితోనే అంతరింపలేదు. కుమార్తె మంగతాయారుగారు తండ్రి విద్య నందుకొని ఫిడేలు విదుషీమణిగా పేరు పొందిరి. ద్వారం వంశీకులే అగు నరసింగరావు నాయుడుగారు మొదలగువారు విజయనగర కళాశాలలో ఆచార్యులై, అధ్యక్షులై, తరతరముల వారికి విద్య చెప్పిరి. 1993లో శతజయంతి సందర్భమున భారత తపాలా శాఖవారు నాయుడుగారి చిత్రముతో బిళ్ల వెలువరించిరి. విశాఖపట్టణమున వారి పేర కళాక్షేత్రము వెలసినది.

ఈ పరంపరలో మన కడప మండలమువారు ప్రత్యేకముగా స్మరింపవలసిన సంగతి యొకటి కలదు. ఆ కళాశాలలో నరసింగరావు నాయుడుగారి వద్ద 1940 నుండి చదివిన బాలుడే తరువాత సంగీత కళానిధియైన నేదునూరి కృష్ణమూర్తిగారు. రాజంపేట చెంత తాళ్లపాకలో 1408వ సంవత్సరమున జన్మించిన అన్నమాచార్యులవారి సంకీర్తనలు రాగిరేకులపై నిలిచి, వరుసలు మరుగున పడియుండగా, వానిలో అనేకమునకు స్వరరచన చేసి సభలకు తెచ్చిన ప్రముఖులలో నేదునూరివారు ఒకరు. మన సీమలో పుట్టిన పాటకు విజయనగర విద్యాలయమున పెరిగిన విద్వాంసుడు స్వరము కూర్చెను. విద్య నాటిన చోటనే ఫలింపవలెనను నియమము లేదు. ఒక చోట పోసిన నీరు మరియొక చోట ఊటగా పైకివచ్చును.

ఈ చరిత్ర చెప్పు నీతి

నాయుడుగారి జీవితమున అద్భుతములేవియు లేవు. ఒక మహర్షి వరమీయలేదు, ఒక రాత్రిలో విద్య అబ్బలేదు. అన్న చెప్పిన పాఠము, తమ్ముడు చేసిన సాధన, ప్రభువు తెరచిన కళాశాల, ఈ మూడును కలిసి ఒక జీవితమును నిలబెట్టినవి. వీనిలో ఏ ఒక్కటి లేకున్నను, విశాఖపట్టణపు వీధిలో చూపు లేని ఒక నిరుద్యోగి మిగిలియుండెడివాడు. ప్రతిభ ఎచ్చటనైనను పుట్టును. దానిని గుర్తించి చేయూతనిచ్చు ఇల్లును, ఊరును ఉన్నప్పుడే అది నిలుచును.

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము తలచుకొనవలసినదియు ఇదియే. పుస్తకము కన్నులు గలవారికే అని గ్రంథాలయము భావింపరాదు. మన గ్రామములలో కంటికి శుక్లములు క్రమ్మిన వృద్ధులు, చూపు మందగించిన బాలురు, అక్షరములు రాని కష్టజీవులు ఎందరో కలరు. సాయంకాలమున ఒకరు పైకి చదువుచుండ పదిమంది చుట్టు చేరి విన్న గ్రంథాలయము పది రెట్లు గ్రంథాలయమగును. భారత భాగవతములు మన ఊళ్లలో పురాణ కాలక్షేపముగా వినుటచేతనే గదా నిలిచినది. నల్లబల్ల కనబడని పిల్లవాడు మన బడిలో వెనుక వరుసలో కూర్చుండి యుండిన, వాడు మందబుద్ధియని తలంచుటకు ముందు వానిని పిలిచి, వినిపించి, వాని చెవి ఎట్టిదో, చేయి ఎట్టిదో పరీక్షించి చూడవలెను. విజయనగరమున ఒకనాడు పెద్దలు అట్లే విని చూచిరి. విన్నందువలననే తెలుగుదేశమునకు ఒక ఫిడేలు నాయుడుగారు లభించిరి.